పేరు పలక

శనివారం సాయంత్రం కొట్టు కట్టేసే వేళ
రేడియో చెప్పింది:
కాల్డర్‌షా ఒకటి, బ్రాక్స్‌డెన్ సున్నా.
షట్టర్ సగంలో ఆపి లోపలికెళ్లి
అల్యూమినియం రేకు ఎంత మిగిలిందో చూసుకున్నాను.

మా ఊరు ఎవరి చేతిలో ఓడినా ఫరవాలేదు.
లండన్ వాళ్లొచ్చి అయిదు గోల్సు కొట్టిపోయినా
"పెద్దోళ్లు కదా" అంటూ చిప్స్ మీద వెనిగర్ పోసుకుంటారు.
కాల్డర్‌షా అలా కాదు.
కాలవకి అవతల, బిస్కెట్ల ఫ్యాక్టరీ వెనక,
మూడు వైపులే మెట్లున్న మైదానం వాళ్లది.
నాలుగో వైపు ఎవరిదో పెరడు.
బంతి అటు పడితే ఓ ముసలావిడ తిరిగి విసురుతుంది.
వాళ్ల చేతిలో ఓడినవాడి ఉద్యోగం
సోమవారం ముఖం చూడదు.

ఎందుకని అడిగాను, ఈ లాంకషైర్‌కి వచ్చిన కొత్తలో.
ఒకాయన మిల్లు సమ్మె అన్నాడు.
ఒకావిడ, ఎప్పుడో చెడిపోయిన పెళ్లి అంది.
చేపల కొట్టు బెర్ట్రమ్ మాత్రం
"కారణమంటూ ఉంటే ఎప్పుడో తీరిపోయేదిగా" అన్నాడు.

నా పని పేర్లు చెక్కడం.
పళ్ల డాక్టరు తలుపుకి, కుక్కల సమాధులకి,
క్లబ్బు కార్ల స్థలంలో మొదటి గడి గోడకి.
ఏడేళ్లలో అయిదు పేర్లు.
గిల్‌క్రైస్ట్‌కి అక్షరాలు ఇరుక్కున్నాయి.
డెవ్లిన్‌కి చోటు మిగిలింది,
రోజులే మిగల్లేదు, పదకొండు వారాలు.
ఒకాయన పేరులో ఒక ఎల్ తగ్గింది,
దిద్దేలోపు ఆయనే వెళ్లిపోయాడు.

ఈ సోమవారం వానలో
ఆల్విన్ థ్రెల్ఫాల్ తనే వచ్చాడు,
బడికొచ్చిన పిల్లాడిలా పలక చంకన పెట్టుకుని.
చేతిరుమాల్లో నాలుగు స్క్రూలు.
"నాణెంతో విప్పాను. వదులుగానే ఉన్నాయి."
నేను నేలకేసి చూశాను.

పలక తిప్పాడు.
వెనక గిల్‌క్రైస్ట్.
రేకు ధర పెరిగాక రెండు వైపులా వాడుతున్నానని
చెప్పబోయి మానేశాను.
వేలితో ఒక్కొక్క అక్షరం తడిమాడు.
"నేను చేరిన రోజు గుమ్మంలో ఎదురయ్యాడు.
చెయ్యి కలిపి,
గదిలో ఎడమవైపు హీటర్ పనిచెయ్యదన్నాడు.
ఇంకేం అన్లేదు."

గోల్ గురించి నేనడగలేదు. ఆయనే అన్నాడు:
ఎనభై ఎనిమిదో నిమిషం. బంతి పెరట్లో పడింది.
మావాళ్లు నీళ్లు తాగుతున్నారు.
ఆవిడ విసిరితే తిన్నగా వాళ్లవాడి చేతుల్లో పడింది,
వాడు ఆగకుండా లోపలికి వేశాడు.
"ఆవిడ తప్పేం లేదు," అని కాసేపాగి,
"మంచి విసురు."

ఆయనకి కావలసింది ఇంటికో పలక.
ఇరవై ఏడు. అంకె చాలు, పేరొద్దు.
పంతొమ్మిదేళ్లు, పదకొండు ఊళ్లు, అన్నీ అద్దెవే.
ఈసారి వాళ్లావిడ పెట్టెలు సర్దనంది.
చిక్కుడు పాదు పెట్టిందట,
ఇప్పుడే పూత పట్టిందట.

తగ్గించి ఇస్తానంటే ఒప్పుకోలేదు.
పూర్తి డబ్బు లెక్కపెట్టి ఇచ్చి
తలుపు దగ్గర వెనక్కి తిరిగాడు:
"స్క్రూలు మాత్రం పొడుగువి ఇవ్వు."

మధ్యాహ్నం క్లబ్బు నించి ఫోను.
అదే సైజు. పేరు బుధవారం చెబుతారట.

రేకు కోశాను. అంచులు అరగదీశాను.
నాలుగు మూలలా కన్నాలు వేశాను.
పేరు రావలసిన చోట నా ముఖం మసగ్గా కనిపిస్తే
నోటితో ఊది తుడిచేశాను.
మళ్లీ కాల్డర్‌షాతో ఎప్పుడో
గోడ మీది క్యాలెండర్ తిరగేసి చూశాను.
జనవరి, మూడో శనివారం.

వెనకవైపు గీతలు పడకుండా
కాగితం అంటించి ఉంచాను.